తాతయ్య తెచ్చిన నీళ్లు

మా తాతయ్య డాక్టరే గాని ఆయన మెడలో స్టెతస్కోపు నేనెప్పుడూ చూడలేదు. చిన్నప్పుడు నాకో చెల్లికో జ్వరం వస్తే అమ్మ మమ్మల్ని నరసాపురంలో వేరే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేది. తాతయ్య కూడా వెంట వచ్చి, గది బయట బల్ల మీద కూర్చుని, పక్కనున్న వాళ్లని పలకరించేవారు. "మీదే ఊరండి? మీ ఊళ్లో తాగే నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయండి?" వాళ్లు జబ్బు గురించి చెప్పబోతే, అదంతా విని, మళ్లీ నీళ్ల దగ్గరికే వచ్చేవారు. మాకు సిగ్గుగా ఉండేది.

ఆయన మా నాన్నకు తండ్రి. ప్రజారోగ్య శాఖలో చేరి, జిల్లా మొత్తానికి పెద్ద అధికారిగా రిటైరయ్యారు. కలరా, మశూచి, మలేరియా, బోదకాలు, ఈ కాలవల వెంబడి ఊళ్లకు ఊళ్లను పట్టుకున్న జబ్బులన్నిటి వెంటా ఆయన తిరిగారు. మొదట్లో పడవ మీద, తర్వాత సైకిలు మీద, ఆ తర్వాత జీపులో. విశాఖలో ఆయనతో కలిసి చదువుకున్నవాళ్లు ఆసుపత్రులు కట్టుకున్నారు. ఈయన బావుల్లో మందు పోయించుకుంటూ, మురుగు గుంటలు పూడ్పించుకుంటూ ఉద్యోగం ముగించారు. "జబ్బు తగ్గించినవాడికి జనం దణ్ణం పెడతారు తల్లీ. రానివ్వనివాడి సంగతి వాళ్లకి తెలీనే తెలీదు. తెలీకపోవడమే మంచిది," అనేవారు నాతో.

ఆయన పుట్టింది మొగల్తూరు దాటాక సముద్రం వైపుండే ఒక ఊరి పేటలో. పేట వాళ్లంతా లూథరన్ క్రైస్తవులు. అది ఉప్పు నేల, ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్లే. రైతుల వీధిలో ఉన్న ఒక్క బావిలోనే తియ్యటి నీళ్లు. పేట వాళ్లు ఆ గట్టు ఎక్కకూడదు. తాతయ్య తల్లి బిందె పట్టుకుని దూరంగా నిలబడితే, ఎవరో ఒకరు దయతలచి తోడి పోసేవారు. పోయకపోతే పంట కాలవ నీళ్లే గతి. ఆయన చెల్లెళ్లిద్దరూ పసితనంలోనే విరేచనాలు పట్టుకుని పోయారు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో తుఫాను వచ్చి వెలిసిన తర్వాత ఆ ప్రాంతంలో కలరా రేగింది. తాతయ్య బ్లీచింగ్ పౌడరు తీసుకుని సొంత ఊరికే వెళ్లాల్సి వచ్చింది. ఈ సంగతి ఆయన ఎన్నడూ చెప్పలేదు, మా నాన్నమ్మ చెప్పింది. బావి దగ్గర ఎదురింటి రైతు అడ్డం నిలబడ్డాడు.

"నువ్వు మన పేట మాస్టారి కొడుకువి కదూ. మందు మా పాలేరుకియ్యి, వాడు పోస్తాడు. నువ్వు గట్టెక్కకు."

"పొయ్యడం ఎవరైనా పొయ్యొచ్చండి. ఎన్ని నీళ్లున్నాయో, ఎంత మందు పట్టుద్దో లోపలికి చూసి నేను చెప్పాలి. ఎక్కనివ్వనంటే ఇక్కడే కూర్చుంటాను," అన్నారట తాతయ్య.

అన్నట్టే కూర్చున్నారు. పొద్దు వాలేదాకా ఎండలో కూర్చున్నారు. ఆ రైతు ఇంట్లో అప్పటికే కోడలు మంచాన పడి ఉంది. సాయంత్రం అతని తల్లి బయటికొచ్చి, "ఎక్కనియ్యరా. ఇంకెవరు పోయాక ఎక్కనిస్తావు?" అంది. తాతయ్య గట్టెక్కి బావిలోకి చూసి మందు కలిపారు. కోడలు బతికింది. ఇంటికి వచ్చాక ఆయన అన్నం ముందు కూర్చుని ఏడ్చారని నాన్నమ్మ చెప్పింది. వాళ్లమ్మ అప్పటికి లేదు. ఆ గట్టు మీద కొడుకు నిలబడ్డం ఆమె చూడలేదని ఏడ్చారు.

రిటైరయ్యాక ఆయన కాకినాడలోనో రాజమండ్రిలోనో ఉండిపోతారని అందరూ అనుకున్నారు. ఆయన పేటకే వచ్చి ఇల్లు కట్టుకున్నారు. నాన్న ఆ పక్క ఊరి బళ్లో మాస్టారు. అందుకని మేమంతా ఆ ఇంట్లోనే పెరిగాం. వచ్చిన దగ్గర్నుంచీ తాతయ్యది ఒకటే పట్టు, ఊరంతటికీ ఒకే నీళ్లు ఉండాలని. కనపడ్డ ప్రతి ఆఫీసు మెట్లూ ఎక్కారు. తన కింద పనిచేసిన వాళ్ల ముందు కూడా చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఏళ్లు పట్టింది. చివరికి ఊరి బయట, కాలవ నుంచి నింపుకునే పెద్ద మంచినీళ్ల చెరువు తవ్వారు. దాని పక్కన ఇసుక ఫిల్టర్లు, ఎత్తు మీద ట్యాంకు కట్టారు. రైతుల వీధికీ పేటకీ ఒకటే పైపు వేశారు.

కుళాయిల్లో నీళ్లు వదిలిన రోజు పేటలో ఆడవాళ్లు బిందెలు పక్కన పెట్టి, ముందు దోసిళ్లతో తాగారు. అది నాకు లీలగా గుర్తుంది. ఆ తర్వాత ప్రతి పొద్దునా తాతయ్య కర్ర పట్టుకుని చెరువు దాకా నడిచేవారు. నేనూ చెల్లీ చెరో పక్కా నడిచేవాళ్లం. నీళ్లు ఇసుక పొరల్లోంచి మెల్లగా దిగుతాయనీ, పైన పేరుకున్న ఒండ్రును ఎప్పటికప్పుడు గీకెయ్యకపోతే ఫిల్టరు చచ్చిపోయినట్టేననీ చెప్పేవారు. నేను సగం వినేదాన్ని. చెల్లి అన్నీ వినేది, ఇంటికొచ్చి నాన్నమ్మకు ఒప్పజెప్పేది. తాతయ్యకు చెల్లంటే ప్రాణం. దాంట్లో దాపరికమేం లేదు, నాకూ కోపం లేదు. అది అలాంటి పిల్ల.

నేను ఉద్యోగానికని రాజమండ్రి వచ్చేశాను. చెల్లిని కడియంలో మొక్కల నర్సరీ ఉన్న కుటుంబానికి ఇచ్చారు. మంచి మనుషులు. నాన్నమ్మ కాలం చేసింది. ఇంతలో ఊరి చుట్టూ వరిచేలు రొయ్యల చెరువులైపోయాయి. ఆ చెరువుల్లో వాడిన నీళ్లు డ్రెయిన్లలోకీ, డ్రెయిన్లలోంచి కాలవలోకీ రావడం మొదలైంది. తాతయ్య దాని మీద అర్జీలు పెట్టారు, గొడవపడ్డారు. ఒకరోజు బాత్రూంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. ఆపరేషను చేశారు గాని మళ్లీ గుమ్మం దిగి నడవలేకపోయారు. వరండాలో కుర్చీయే ఆయన లోకమైంది.

పంపు నడిపే అతను ఆ దారినే పోతూ ఆగేవాడు. తాతయ్య అడిగేవారు.

"ఫిల్టర్లు గీకుతున్నారా అయ్యా?"

"గీకుతున్నామండి."

"ఇసుక మార్చాలి ఈ వేసవికి. ప్రెసిడెంటు గారికి చెప్పావా?"

"చెప్పానండి. చూద్దామన్నారండి."

కుళాయి నీళ్లలో బ్లీచింగ్ వాసన వస్తూనే ఉండేది. ఆ వాసన తగిలితే తాతయ్యకు ధైర్యం. అప్పటికే ఊళ్లో చాలామంది డబ్బా నీళ్లు కొనుక్కుంటున్నారు. పొద్దున్నే ట్రాలీ ఆటో వీధి వీధికీ తిరిగి దించి వెళ్లేది. అది మా గుమ్మం ముందు నుంచి వెళ్తుంటే ఆయనకు ఒళ్లు మండేది. "డబ్బున్నవాడికి ఒక నీళ్లు, లేనివాడికి ఒక నీళ్లు. మళ్లీ ఆ బావి గట్టే కట్టుకుంటున్నార్రా," అనేవారు. డబ్బా నీళ్లు మా గుమ్మం తొక్కలేదు. అమ్మా నాన్నా కూడా అదంతా ఒక ఫ్యాషననే అనుకున్నారు. ఆయన చెప్పిన మాట మీద మాకు అంత నమ్మకం.

చెల్లికి ఏడో నెల వచ్చాక పురిటికి తీసుకొచ్చారు. కడియం నుంచి కార్లో వాళ్లత్తగారు కూడా వచ్చి దింపారు. డిక్కీలో మొక్కలతో పాటు నీళ్ల డబ్బాలు కూడా పెట్టుకొచ్చారు. "నీళ్లు మారితే పడవేమోనని తెచ్చానండి. ఇవయ్యాక మళ్లీ పంపిస్తాం," అన్నారావిడ మెల్లగా, తాతయ్య వైపు చూస్తూ.

తాతయ్య నవ్వారు. "మా ఊరి నీళ్ల మీద మీకు నమ్మకం లేదన్నమాట. ఈ పిల్ల ఆ నీళ్లు తాగే పెరిగిందమ్మా. వాటిని కాచే పని కూడా లేదు."

చెల్లి కూడా నవ్వి, అత్తగారు వెళ్లిపోయాక ఆ డబ్బాల్లో నీళ్లు కడియం నుంచి తెచ్చిన గులాబీ మొక్కలకు పోసేసింది. మర్నాడు ఆదివారం నేను వెళ్లినప్పుడు ఈ కథంతా చెప్పి ఇద్దరూ మళ్లీ నవ్వారు. మధ్యాహ్నం భోజనాలప్పుడు చెల్లి కుళాయి నీళ్లు గ్లాసెత్తి తాగింది. నేనూ తాగాను. మేమందరం తాగాం.

కొన్ని వారాలకు చెల్లికి అన్నం సయించడం మానేసింది. నెలలు నిండుతున్నాయి కాబట్టి అలాగే ఉంటుందిలే అనుకుంది అమ్మ. జ్వరం తగిలింది, తగ్గింది. ఒక పొద్దున తాతయ్య దాన్ని వరండాలోకి పిలిచి, వెలుతురు వైపు తిప్పి, కింది రెప్ప లాగి చూశారు. కళ్లు పసుపు పచ్చగా ఉన్నాయి. ఇదంతా అమ్మ తర్వాత చెప్పింది. ఆయన నాన్నను పిలిచి, "కారు పిలు. రాజమండ్రి పెద్దాసుపత్రికి, ఇప్పుడే," అన్నారు. అమ్మ కంగారుపడి, "కామెర్లే కదండి మావయ్య గారూ, పత్యం పెడితే తగ్గవా?" అని అడిగింది. "అందరికీ తగ్గుతాయమ్మా. కడుపుతో ఉన్నవాళ్లకి ఈ రకం కామెర్లు..." అని ఆగిపోయారు.

నేను ఆసుపత్రి దగ్గరే కలిశాను. డ్యూటీ డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి మొట్టమొదట అడిగిన మాట, "మీరు ఏ నీళ్లు తాగుతారు?" నీళ్ల ద్వారా వచ్చే కామెర్లు అవి, మామూలు వాళ్లు లేచి తిరుగుతారు, చివరి నెలల్లో ఉన్న తల్లులకు మాత్రం కాలేయం ఒక్కసారిగా పాడైపోతుంది అని చెప్పింది. చెల్లి మొదట మాట్లాడుతూనే ఉంది. తర్వాత మనుషుల్ని పోల్చుకోలేకపోయింది. నన్ను చూసి "అత్తయ్యగారూ" అంది. లోపలి బిడ్డ ముందు పోయింది. ఆ మర్నాడు చెల్లి పోయింది. మా మరిది, అంటే చెల్లి భర్త, ఆసుపత్రి మెట్ల మీదే కూర్చుండిపోయాడు. వాళ్లు దాన్ని కడియం తీసుకెళ్లిపోయారు, అక్కడే సమాధి చేశారు. తాతయ్యను అంత దూరం తీసుకురాలేమని ఇంట్లోనే ఉంచేశాం.

కార్యక్రమాలన్నీ అయ్యాక ఆయన నన్నడిగారు. "నన్ను చెరువు దగ్గరికి తీసుకెళ్తావా?"

నాన్నా నేనూ ఆయన్ని ఆటోలో తీసుకెళ్లాం. గట్టు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, ఇద్దరు మనుషులు కుర్చీతో సహా మోసుకెళ్లారు. ఫిల్టర్ల నిండా నడుం ఎత్తు గడ్డి పెరిగి ఉంది. ఒకదాంట్లో ఎవరివో మేకలు కట్టేసి ఉన్నాయి. చెరువు నుంచి తిన్నగా ట్యాంకులోకి ఒక నీలం పైపు వేసి ఉంది. చెరువు నీళ్లు ఆకుపచ్చగా ఉన్నాయి. దాన్ని నింపే కాలవలోకి, కనుచూపు దూరంలోనే, రొయ్యల చెరువుల డ్రెయిను వచ్చి కలుస్తోంది. రొయ్యల చెరువుల మీద పనిచేసేవాళ్ల పాకలన్నీ, మరుగుదొడ్లు లేకుండా, ఆ డ్రెయిను గట్టునే ఉన్నాయి.

పంపు నడిపే అతను తలొంచుకుని నిలబడ్డాడు.

"ఎప్పట్నుంచయ్యా?" అన్నారు తాతయ్య.

"మీరు పడిపోయిన ఏడేనండి. ఇసుక పూడుకుపోయిందండి. మార్చడానికి పంచాయతీలో డబ్బు లేదన్నారండి. తిన్నగా తోడి బ్లీచింగ్ ఒక్కటీ కలుపుతున్నామండి."

"నాతో ఒక్క మాట అనలేకపోయావా?"

"ప్రెసిడెంటు గారు, పెద్దలు అందరూ చెప్పొద్దన్నారండి. పెద్దాయన తట్టుకోలేరు, ఈ వయసులో ఎందుకూ అన్నారండి. మీరు అడిగినప్పుడల్లా మాట నోటిదాకా వచ్చేదండి. మీ మొహం చూసి మింగేసేవోణ్ణండి."

తాతయ్య చూపు ఆ గడ్డి మీంచి అతని వైపు తిప్పారు. "మీ ఇంట్లో ఏ నీళ్లు తాగుతారు?"

"డబ్బా నీళ్లేనండి."

"మంచి పని చేశావు," అన్నారు తాతయ్య. "పిల్లలున్నవాడివి."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అన్నారు. అతను అక్కడే కూలబడి ఏడ్చాడు. తాతయ్య ఏడవలేదు.

తర్వాత పంచాయతీ దగ్గర మీటింగు పెట్టించమన్నారు. పెట్టారు. ఆయన్ని కుర్చీలో తీసుకొస్తుంటే రైతులూ పేటవాళ్లూ అందరూ లేచి నిలబడ్డారు. ప్రెసిడెంటు గారు శాలువా తెచ్చి కప్పబోతే తాతయ్య చేత్తో ఆపారు. ఆయన గొంతు వెనక వరసల దాకా వినపడలేదు. మైకు పెట్టారు.

"నేను డాక్టర్నండి. వెళ్లి చూడకుండానే ఆ నీళ్లు మంచివని చెప్పాను. నా మాట నమ్మి నా మనవరాలు తాగింది. మీరు తాగలేదు, ఎందుకంటే మీకు తెలుసు. పేటలో కొనుక్కోలేనివాళ్లు తాగారు, వాళ్లలో కామెర్లు ఎంతమందికొచ్చాయో ఎవరూ నాకు చెప్పలేదు. నన్ను బాధపెట్టకూడదనుకున్నారు. మీ గౌరవం నాకెందుకండి? ఇసుక మార్చండి. ఆ డ్రెయిను కాలవలో కలవకుండా చూడండి. అంతే."

చాలామంది కళ్లు తుడుచుకున్నారు. తప్పకుండా చేద్దామన్నారు. కొన్నాళ్లు వీధుల్లో తెల్లగా బ్లీచింగ్ చల్లారు. ఒక లారీ ఇసుక వచ్చి ఫిల్టర్ల పక్కన గుట్టగా పడింది. ఫిల్టర్లలో గడ్డి పీకేలోపే ఆ ఇసుక కొంచెం కొంచెంగా ఎవరెవరి ఇళ్ల పనులకో పోయింది. డ్రెయిను జోలికి ఎవరూ వెళ్లలేదు. ఆ రొయ్యల చెరువులన్నీ ఊళ్లో వాళ్లవే, వాళ్ల చుట్టాలవే. తాతయ్య కూడా మళ్లీ అడగలేదు. ఆయన ఎవరినీ నీళ్ల గురించి అడగని రోజులు మొదలయ్యాయి.

ఆయన చనిపోతారనుకున్నాం. చనిపోలేదు. గుండె గట్టిది, షుగరు లేదు, బీపీ లేదు. ఏడాది తర్వాత ఏడాది బతికారు. ఇంట్లో డబ్బా నీళ్లు వచ్చాయి. అవే ఇచ్చేవాళ్లం, మాట్లాడకుండా తాగేవారు. అమ్మ వేళకు అన్నం పెట్టేది, బట్టలు మార్చేది, మందులిచ్చేది. ఆయన్ని ఒక్క మాట అనలేదు. "మీ అమ్మ నన్ను తిడితే బాగుండును. చెప్పి చూడు," అన్నారొకసారి నాతో. నేను అమ్మకు ఎలా చెప్పను?

చర్చిలో పాస్టరు గారు ఆయన పుట్టినరోజుకి ప్రార్థన పెడతామంటే వద్దన్నారు. "పుట్టినరోజులు చాలు. వీలైతే ఇక ఆపమని ప్రార్థన చెయ్యండి," అన్నారు. పాస్టరు గారు ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నారు.

ఒకసారి వైద్యం చదువుకుంటున్న ఒక అమ్మాయి పాత రోజుల సంగతులు రికార్డు చేసుకోవడానికి వచ్చింది. నేనూ ఉన్నాను ఆరోజు. మశూచి టీకాలకు జనం చేలల్లోకి ఎలా పారిపోయేవారో, తుఫాను తర్వాత పడవల్లో ఎలా తిరిగారో ఆయన వరసగా చెప్పారు. జ్ఞాపకం ఎక్కడా చెదరలేదు. చెదిరినా బాగుండేది. చివర్లో ఆ అమ్మాయి, "మీరు సాధించినవాటిలో పెద్దది ఏదంటారండి?" అని అడిగింది.

"ఏమీ లేదమ్మా," అన్నారు.

ఆ పిల్ల మొహమాటంగా నవ్వింది. నేను కల్పించుకున్నాను. "అదేంటి తాతయ్యా, మశూచి లేకుండా పోయింది. కలరా తగ్గింది. ఎంతమంది బతికారు."

"అవి నేనొక్కణ్ణే చేశానా? వేలమంది చేశారు, నేను లేకపోయినా జరిగేవి. నా అంతట నేను చేసింది ఆ చెరువొక్కటే." ఆ అమ్మాయి వైపు తిరిగి, "ఏమీ లేదనే రాసుకో తల్లీ," అన్నారు.

గట్టిగా వానలు పడుతున్న రోజుల్లో ఆయన పోయారు. సముద్రం దగ్గరి నేల కాబట్టి ఆ కాలంలో రెండడుగులు తవ్వితే నీళ్లు ఊరుతాయి. సమాధుల తోటలో మగవాళ్లు బక్కెట్లతో తోడుతూనే ఉన్నారు, నీళ్లు వస్తూనే ఉన్నాయి. ఇక తోడి లాభం లేదని పెట్టెను అలాగే దింపారు. దింపగానే అది ఒక పక్కకు ఒరిగింది. నాన్న గొంతుక్కూర్చుని చేత్తో దాన్ని సరిచెయ్యాలని చూశారు. ఎవరో ఆయన్ని పట్టుకుని లేపారు. అధికారులు వచ్చారు, మాట్లాడారు. నిండు జీవితం అన్నారు, ఆదర్శం అన్నారు. అమ్మ నా పక్కనే నిలబడి ఎటో చూస్తూ ఉండిపోయింది. ఆమెకు దుఃఖం ఉందో లేదో కూడా నాకు తెలియలేదు. అడగలేదు.

ఇప్పుడు అమ్మా నాన్నా రాజమండ్రిలో నా దగ్గరే ఉంటున్నారు. మా మరిది మళ్లీ పెళ్లి చేసుకున్నాడు, అది న్యాయమే. ఈ మధ్య పేట నుంచి మా దూరపు చుట్టం ఒకావిడ ఫోను చేసింది. అవీ ఇవీ మాట్లాడి, తన కోడలికి ఆరో నెలని చెప్పింది.

"మళ్లీ కామెర్లు తిరుగుతున్నాయమ్మా పేటలో. పిల్లని వాళ్ల అమ్మగారింటికి పంపించేద్దామంటే వాళ్లూ మాలాంటి వాళ్లే, డబ్బా నీళ్లు కొనలేరు. మీ తాతగారుంటే వెళ్లి అడిగేదాన్ని, ఏం చెయ్యమంటారని."

నీళ్లు కాచి చల్లార్చి తాగించమని చెప్పాను. గ్యాసు ఖర్చుకు వెనకాడొద్దని చెప్పాను. సరేనంది. ఆసుపత్రిలో చూపించమని కూడా చెప్పాను. దానికీ సరేనంది. ఉంటానమ్మా అని ఆవిడే పెట్టేసింది. ఫోను ఎవరిదని అమ్మ వంటింట్లోంచి అడిగితే, ఎవరో రాంగ్ నంబరని చెప్పాను.